సెట్‌లో ఒక్క మరియమ్మే మిగిలింది

అయోమయం గురించి ముందే

ప్రోగ్రామింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడు "ఆంటీ, మీ రోజుల్లో ఏ లాంగ్వేజ్ వాడేవాళ్ళు?" అని అడుగుతారు. చెబుతాను. ఫ్లాపీల సంగతి కూడా చెబుతాను. అటక మీది పాత గంగాళాన్ని చూసినట్టు ఒకసారి చూసి నవ్వుకుంటారు. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, చేస్తున్న పని మీకు అర్థమయ్యేదా అని అడగాలి. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను: సగం అయ్యేది, సగం అయ్యేది కాదు. అర్థమైందనుకున్న సగంలోనే ఎక్కువ దెబ్బలు తిన్నాను.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి మా ఇంట్లో వాళ్ళకే పట్టవు, మీకెందుకు? ఈ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. తొంభైల చివర్లో నాచారంలో, జావాలో, మేం ఒక లిస్టును సెట్‌గా మార్చాం. ఒకే ఒక్క వరస కోడ్. ఇప్పుడు కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలు కూడా నిద్రలో రాసేస్తారు. ఆ ఒక్క వరస ఏం చేసిందో నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు. బోధపడని సంగతి బోధపడనట్టే చెబుతాను, ఓపిక పట్టండి.

మెట్ల మీద చెప్పులు

మాది రామంతాపూర్. నాన్న ఉప్పల్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. మా చర్చిలో కంప్యూటర్ ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే కావడంతో, ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు నన్ను ఆపి ఏదో ఒకటి అడిగేవాళ్ళు. ఒక పెద్దాయన పాడైపోయిన రేడియోను సంచీలో పెట్టుకుని ఏకంగా ఇంటికే తెచ్చాడు. కంప్యూటర్ వేరు, రేడియో వేరు అని చెప్తే, "రెండు కరెంటుతోనే గద నడిచేది" అని నిష్ఠూరపడి పోయాడు.

మా ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో ఒక వెల్డింగ్ షాపు పైన ఉండేది. కింద నిప్పురవ్వలు, పైన ఏసీ. గదిలోకి దుమ్ము పోతే కంప్యూటర్లు పాడవుతాయని చెప్పులు మెట్ల మీదే విడిచి రావాలి. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఇదేదో ప్రార్థనా మందిరం అనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. మేం నలుగురైదుగురం. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు హాజరు, జీతాల ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళం.

యజమాని సుదర్శన్ సార్. గుంటూరు వైపు మనిషి. నాకు వచ్చిన విద్యలో ముప్పాతిక ఆయన పెట్టిన భిక్షే, అందులో మొహమాటం లేదు. కొత్త పుస్తకం ఏది వచ్చినా కోఠీకి వెళ్ళి తెచ్చి, రాత్రికి రాత్రి చదివేసి, పొద్దున్నే మాకు పాఠం చెప్పేవారు. మంచి ప్రోగ్రామర్, పిరికి యజమాని. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో అప్పట్లో నాకు మింగుడుపడేది కాదు.

మూడు ఫ్లాపీలు

మాకు పని ఇచ్చే వాటిలో ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు పోసే కంపెనీ ఒకటి ఉండేది. అచ్చులోంచి వేడివేడిగా వచ్చిన బకెట్ అంచున కొసరు ప్లాస్టిక్ వేలాడుతుంది. దాన్ని చాకుతో చెక్కడం ఆడవాళ్ళ పని. వాళ్ళంతా ముగ్గురు కంట్రాక్టర్ల మనుషులు. ఒక కంట్రాక్టరుతో పొసగకపోతే ఇంకో కంట్రాక్టరు కింద చేరేవాళ్ళు. పని మాత్రం అదే షెడ్డు, అదే బల్ల. అందుకని ఒకే మనిషి పేరు రెండు మూడు జాబితాల్లో ఉండేది.

యూనియన్ కొట్లాడగా కొట్లాడగా, వీళ్ళందరినీ పర్మనెంటు చేయడానికి కంపెనీ ఒప్పుకుంది. మూడు జాబితాలూ కలిపి, ఒక్కో మనిషి ఒక్కసారే వచ్చేలా ఒకటే జాబితా చేయాలి. అందులో ఉన్నవాళ్ళకు ఉద్యోగం, లేనివాళ్ళకు లేదు. మూడు ఫ్లాపీలు మా బల్ల మీదికి వచ్చాయి.

అంతకుముందైతే పేర్లన్నీ అక్షర క్రమంలో పెట్టి, పక్కపక్క పేర్లను పోల్చి, ఒకేలా ఉన్నవాటిలో ఒకటి తీసేసే ప్రోగ్రాం రాసేవాళ్ళం. రెండు రోజుల పని. సార్ అప్పుడే జావా కొత్త పుస్తకం చదివి ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"అదంతా అక్కర్లేదమ్మా సుగుణా. లిస్టును తీసుకెళ్ళి సెట్‌లో వేసేయ్. డూప్లికేట్లు వాటంతటవే పోతాయి" అన్నారు.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. లిస్టు అంటే వచ్చినవాళ్ళను వచ్చినట్టు రాసుకోవడం. ఒకే పేరు పదిసార్లు వస్తే పదిసార్లూ ఉంటుంది. సెట్ అలా కాదు. ఒకసారి ఉన్నదాన్ని రెండోసారి వేస్తే తీసుకోదు. పెళ్ళి భోజనంలో ఒకాయన మూడు బంతుల్లో కూర్చుని తిన్నా, "ఎవరెవరొచ్చారు?" అని అడిగితే ఆయన పేరు ఒకసారే చెబుతాం కదా, అంతే.

కాని ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు రికార్డులు ఒకే మనిషివని ఎప్పుడు అనుకోవాలి? అది మిషన్‌కు తెలియదు, మనమే చెప్పాలి. సార్ బోర్డు మీద రాశారు: పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, చిరునామా. ఈ నాలుగూ కలిస్తే ఒకే మనిషి.

తండ్రి లేదా భర్త పేరు గడి కూడా ఉంది. దాన్ని కలుపుదామా అని చూస్తే ఆడవాళ్ళవి చాలావరకు ఖాళీ. గేటు దగ్గర కంట్రాక్టరు గుమాస్తా "భర్త పేరు?" అని అడిగితే వీళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి ఊరుకుంటారు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు. గుమాస్తాకు తెలిసి ఉంటే రాస్తాడు, లేకపోతే వదిలేస్తాడు. ఒకామెకే ఒక జాబితాలో భర్త పేరుంటుంది, ఇంకో జాబితాలో ఉండదు. దాన్ని కూడా పోలిస్తే ఒక మనిషి ఇద్దరవుతుంది. అందుకని ఆ గడిని వదిలేశాం.

నాకు పుట్టిన తేదీ మీద అనుమానం వచ్చింది. "సార్, ఆ తేదీలు నమ్మకండి. మా నాయిన, మా చిన్నాయనలిద్దరు, ముగ్గురూ జూలై ఒకటినే పుట్టిన్రు" అన్నాను.

"ముగ్గురు కవలలా?"

"కాదు సార్. ముగ్గురికీ హెడ్మాస్టరు ఒక్కడే."

సార్ పడీపడీ నవ్వారు. నవ్వి, "సరే, తేదీ నమ్మొద్దు. కాని నాలుగూ కలిసిపోయే మనుషులు ఇద్దరు ఎక్కడుంటారమ్మా?" అన్నారు. తేదీని తీసేస్తే ఇంకేం మిగులుతుందో నాకూ తెలియదు. ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి, ఆ ఒక్క వరస రాసి, నడిపించాం. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయింది.

వరస తప్పింది

మొదటి గొడవ మరుసటి రోజే వచ్చింది. కంట్రాక్టర్ల జాబితాలు ఎవరు ముందు చేరితే వాళ్ళు ముందు అన్న వరసలో ఉండేవి. మా సెట్‌లోంచి బయటికొచ్చిన జాబితాలో ఆ వరస లేదు. మేం వాడిన సెట్‌కు వరస పట్టింపు లేదు. నిన్నగాక మొన్న చేరినామె పేరు అందరికన్నా పైన ఉంది, షెడ్డు కట్టినప్పటి నుంచి ఉన్నామె పేరు ఎక్కడో అడుగున.

గేటు దగ్గర జాబితా అంటించగానే యూనియన్ వాళ్ళు మా మెట్లెక్కి వచ్చారు. చెప్పులు విడవలేదు. "మీదున్నామె మీకు సుట్టమా?" అని సార్‌ను అడిగారు. అంత జరిగిందంటే మీరు నమ్మరు గాని, ఆ పైనున్నామె భయపడి రెండు రోజులు పనికే రాలేదట, తనేదో తప్పు చేసిందేమో అని. మళ్ళీ చేరిన తేదీ ప్రకారం వరస పెట్టి ఇచ్చాం. వరస పోయిందని అందరికీ కనిపించింది కాబట్టి అరిచారు, సరిచేశాం. మనుషులు పోతే కనిపించదు. ఉన్నవాళ్ళు అరవరు. లేనివాళ్ళు ఎక్కడ అరవాలో వాళ్ళకు తెలియదు.

ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. సెట్ చేసిన జాబితాను చూసి "డూప్లికేట్లు పోయాయి" అని సంతోషించకండి. ఏవి పోయాయో విడిగా అచ్చు తీసి కళ్ళతో చూడండి. ఈ మాట అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం వచ్చినామె

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మేం టిఫిన్ డబ్బాలు తెరిచేసరికి తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచి వచ్చింది. చూపుడు వేలి మీద చాకు గాట్లు.

"మిషిన్ల మా పేర్లెక్కిచ్చింది మీరేనా బిడ్డ?"

"మేమే అక్కా. ఏమైంది?"

"ఏంగాలె. గా మిషిన్ల ఉన్న మరియమ్మ నేనా, మా చెల్లెనా? గది జర సూసి చెప్పు. నేను నిల్సుంట."

నాకేమీ అర్థం కాలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పించుకున్నాను. ఆమె పేరు మరియమ్మ. ఆమె చిన్నాయన కూతురి పేరూ మరియమ్మే. ఇద్దరికీ వాళ్ళ నాయనమ్మ పేరే పెట్టారు.

"ఒక ఇంట్ల ఇద్దరికి ఒకటే పేరు వెడితె ఇబ్బంది గాదా అక్కా?" అన్నాను.

"ఇబ్బందేంది? నేను పెద్ద మరియమ్మ, అది చిన్న మరియమ్మ. మా ఊర్ల కుక్కకు గూడ ఎరికే."

ఇద్దరినీ ఒకే రోజు బడిలో వేశారు, వయసులో రెండు మూడేళ్ళ తేడా ఉన్నా. పంతులు ఇద్దరికీ ఒకే తేదీ రాశాడు. పెద్దయ్యాక ఇద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు. దాంతో ఇంటిపేరు ఒకటే. పని కోసం పట్నం వచ్చి దమ్మాయిగూడలో ఒకే ఇంట్లో ఉంటున్నారు. చిరునామా ఒకటే. భర్త పేరు గడి మూడు జాబితాల్లోనూ ఇద్దరికీ ఖాళీ. నాలుగూ కలిసిపోయే మనుషులు ఎక్కడుంటారని సార్ అడిగిన ప్రశ్నకు జవాబు నా ఎదురుగా కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

"నోటీసుల ఒక్కటే పేరుండె బిడ్డ. నా పేరొచ్చిందని నేను సంబురపడ్డ, దాని పేరొచ్చిందని అది సంబురపడ్డది. ఇంటికి పొయ్యి మాట్లాడుకుంటె గాని తెల్వలె."

"మరి ఇప్పుడు పనికెవరు పోతున్నరు?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "ఒక వారం నేను పోత. ఒక వారం అది పోతది. కార్డు ఒకటే గద. ఇంటికాడున్నది పిల్లల్ని సూస్కుంటది, మా ఆయినకు బువ్వ తినిపిస్తది. చర్లపల్లిల మిషిన్ల వడి ఆయిన రెండు చేతుల ఏళ్ళు పొయినయి. షెడ్ల అందరికెరికే. సూపరైజరుకు గూడ ఎరికే. ఇద్దరాడివిల్లలు బతుకుతున్నరని ఎవ్వలు నోరిప్పలె."

అంతవరకు బాగానే నడిచింది. ఇప్పుడు సోమవారం నుంచి పర్మనెంటు కార్డుల మీద ఫోటోలు అంటిస్తారట. గేటు దగ్గర ఫోటోలు తీసేవాడిని కూడా మాట్లాడారు.

"ఎవలి ఫోటో అంటియ్యాలె? నాదంటె దాని పిల్లలు పస్తు. దానిదంటె మా ఆయిన పస్తు. అందుకే మిషిన్ల ఉన్నది ఎవలో నువ్వే చెప్పు. ఏది చెప్తె గదే చేస్తం. కొట్లాడం."

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సెట్‌లో ఒకటే మరియమ్మ ఉంది. ఒకేలాంటివి రెండు వస్తే ముందు వచ్చినది ఉంటుంది, తర్వాత వచ్చినదాన్ని సెట్ తీసుకోదు. కాబట్టి ఏ ఫ్లాపీ ముందు ఎక్కించామో తెలిస్తే చెప్పవచ్చు. ఆ రోజు చేతికి ఏది అందితే అది ఎక్కించాం. పోనీ అది తెలిసినా లాభం లేదు, ఇద్దరూ ముగ్గురు కంట్రాక్టర్ల దగ్గరా చేశారు. ఆ పాత జాబితాలు తెరిచి చూస్తే ఒక్కో దాంట్లో, చేరిన తేదీతో సహా, ఒకేలాంటి రికార్డులు రెండు. మొదటిది ఎవరిది? ఆ రోజు గుమాస్తా ముందు ఎవరు ముందు నిలబడితే వాళ్ళది. ఎంత చూసినా అందులో ఉన్నది ఎవరో తెలియదు. నిజానికి ఎవరో ఒకరు అన్న మాట కూడా తప్పేమో అనిపించింది.

"ఇద్దరూ అక్కా" అన్నాను చివరికి. "మిషిన్‌కు మీరిద్దరూ ఒకటే."

"ఒకటే అయితె కడుపు గూడ ఒకటే ఉండాలె గద బిడ్డ" అని లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సార్ నీళ్ళు నమిలారు

సార్‌కు చెప్పాను. ఆయన కోడ్ తెరిచి పైనుంచి కిందికి చదివారు. "ప్రోగ్రాంలో తప్పేమీ లేదమ్మా. మనం చెప్పిందే చేసింది" అన్నారు.

అది నిజం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఈ మిషన్లు మనం ఏం చెబితే అది చేస్తాయి. కాని ఆ నిజంతో పెద్ద మరియమ్మకు ఏం ఒరుగుతుంది? పొరపాటు జరిగిందని కంపెనీకి ఒక ఉత్తరం రాసివ్వమని అడిగాను.

సార్ నీళ్ళు నమిలారు. "రాసిస్తే వాళ్ళు వెంటనే ఏమడుగుతారో తెలుసా? ఇలా ఇంకా ఎంతమంది పోయారని. మనకు తెలుసా?"

తెలియదు.

"పైగా వాళ్ళు ఇద్దరని తేలితే, ఇన్నాళ్ళూ ఒకరి కార్డు మీద ఇంకొకరు పనిచేశారని కూడా తేలుతుంది. అది మోసం కింద లెక్క. ఉన్న ఆ ఒక్క ఉద్యోగం కూడా ఊడుతుంది. అప్పుడు వాళ్ళ ముఖం నువ్వు చూడగలవా, నేను చూడగలనా?"

ఆయన కంట్రాక్టు పోతుందని భయపడుతున్నారా, ఆ ఆడవాళ్ళ కోసం భయపడుతున్నారా? నాకు అంతుపట్టలేదు. మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. చెబితే ఇద్దరూ పోవచ్చు, చెప్పకపోతే ఒకరు పోవడం ఖాయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం ప్రసంగించారో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా ఆ హెడ్మాస్టరు మీద వచ్చింది. పాపం ఆయన ఎప్పుడో పోయి ఉంటాడు.

ఫోటోల రోజు

సోమవారం పొద్దున్న సార్‌తో చెప్పకుండా బకెట్ల కంపెనీకి వెళ్ళాను. గేటు పక్కన నీలం గుడ్డ కట్టి, ముందు స్టూలు వేసి, ఫోటోలు తీస్తున్నారు. మరియమ్మలిద్దరూ కొత్త చీరల్లో గోడవారగా నిలబడి ఉన్నారు. చిన్న మరియమ్మను అదే మొదటిసారి చూడటం. మనిషి సన్నం, అక్క పోలిక అసలు లేదు. వీళ్ళిద్దరినీ ఒకటన్నామా అని నాకే ఆశ్చర్యం వేసింది.

"ఇద్దరు వచ్చిన్రేంది అక్కా?"

"ఫోటోల ఒక్కతే వడ్తది గద. ఎవరో ఒకలు కూసుంటె ఇంకొకలు దొంగైతరు. గందుకని ఇద్దరం ఒక్కపారే సార్ ముందట నిలవడుదమనుకున్నం. ఏమైతె అదైతది."

సార్ అంటే పర్సనెల్ మేనేజరు నర్సింహ గారు. నల్గొండ వైపు మనిషి, కంపెనీ అంతా ఆయనంటే హడల్. ఆయన గదిలో మేం పెట్టిన కంప్యూటర్ ఒకటి ఉండేది. ముగ్గురం లోపలికి వెళ్ళాం. నేను తడబడుతూ జరిగింది చెప్పాను. నాయనమ్మ పేరు నుంచి మొదలుపెట్టి సెట్ దాకా వచ్చేసరికి ఆయన నుదురు ముడిపడింది.

"ఇద్దరున్నరంటవు. మరి ఇన్నాళ్ళు గేటుకాడ కార్డు గుద్దింది ఎవలు?"

"ఒక వారం నేను సారూ, ఒక వారం ఇది" అంది పెద్ద మరియమ్మ.

"అంటే ఒకల కార్డు మీద ఇంకొకలు. ఎరికేనా, ఇద్దర్ని ఇప్పుడే గేటు బయటికి పంపాలె నేను."

చిన్న మరియమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు గాని వచ్చింది. "సార్, ఎవరి కార్డు మీద ఎవరు?"

"ఏంది?"

"ఆ కార్డు పెద్ద మరియమ్మదైతే చిన్న మరియమ్మ తప్పు చేసినట్టు. చిన్న మరియమ్మదైతే పెద్ద మరియమ్మ తప్పు చేసినట్టు. అది ఎవరిదో మిషిన్‌కు తెల్వదు, నాకు తెల్వదు, మీకు తెల్వదు. ఎవరిదో తెలియని కార్డు మీద దొంగ ఎవరని చెప్తరు సార్?"

నేను చెప్పింది సరైన వాదనో కాదో ఈనాటికీ నాకు అనుమానమే. ఆయన మాత్రం కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అప్పుడు తలుపు దగ్గర అలికిడైంది. సుదర్శన్ సార్. అలవాటు కొద్దీ చెప్పులు బయటే విడిచి, ఉత్త కాళ్ళతో నిలబడి ఉన్నారు.

"పొరపాటు మాదండి. నేను రాసిస్తాను" అన్నారు.

ఎందుకొచ్చారో, ఎవరు చెబితే వచ్చారో ఆయన చనిపోయేదాకా చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నర్సింహ గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "రాసియ్యండి. కంపెనీకి ఒక మనిషి పని కావాలె, ఒక మనిషి పని అయింది. నేను గంతే సూసిన. కాని ఇంకొక పేరెక్కియ్యాలంటె వీళ్ళిద్దర్ని మిషిన్ల వేరు చేసి చూపెట్టున్రి. మల్ల రేపు కలిసిపొయ్యిన్రంటె నేనొప్పుకోను."

వేరు చేయడానికి మిగిలింది ఒకటే గడి. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, పాత జాబితాల్లోని వీళ్ళ రికార్డులకు భర్త పేరును కూడా పోల్చేలా మార్చాను. "భర్త పేరు చెప్పు అక్కా" అన్నాను.

ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చెప్పున్రి. పేరు చెప్పనికి ఏమైతది? నౌకరి కావాల్నా, వద్దా?" అన్నారు నర్సింహ గారు. విసుక్కున్నారు గాని ఆయనకూ తెలుసు. ఆయన భార్య కూడా చెప్పి ఉండదు.

పెద్ద మరియమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. వేళ్ళు లేని ఆ మనిషికి రోజూ ముద్ద కలిపి తినిపించే ఆడది, ఆ పేరు పలకలేక నిలబడిపోయింది. వద్దులే అక్కా అనబోయాను. అంతలో ఆమె చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

"దీని పెనిమిటి దావీదు సారూ. నా మరిది. మరిది పేరు చెప్పొచ్చు."

నేను టైపు చేశాను.

"మరి నీది?" అన్నారు నర్సింహ గారు. చెల్లెలి వైపు చూశారు. "నువ్వు చెప్పమ్మా."

"అమ్మో, బావ పేరు నేనెట్ల చెప్త సారూ?" అంది చిన్న మరియమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే.

నేను స్క్రీన్ వైపు చూస్తున్నాను. ఒక మరియమ్మ పక్కన దావీదు. ఇంకో మరియమ్మ పక్కన ఏమీ లేదు. ఒక గడి నిండుగా, ఒక గడి ఖాళీగా ఉంటే ఆ రెండూ ఒకటి కావు. అంత చిన్న సంగతి నాకు అప్పటికి తట్టింది. ఆ ఒక్క వరసను మళ్ళీ నడిపించాను. సెట్‌లో ఇద్దరు వచ్చారు.

"చాలు సార్" అన్నాను. "ఇంకో పేరు అక్కర్లేదు."

ఆయన వంగి చూశారు. "ఖాళీగున్నది పెద్దామెనా?"

"ఔ సార్."

బయట నీలం గుడ్డ ముందు ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. పెద్ద మరియమ్మ ఫోటోకు నవ్వలేదు. లేచి వస్తూ నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మిషిన్ల ఉన్నది నేనేనా బిడ్డ?" అని అడిగింది. నువ్వే అక్కా అన్నాను. అయినా రెండోసారి అడిగింది.

ఇంకా తేలనివి

సుదర్శన్ సార్ అన్నంత పనీ అయింది. ఇలా ఇంకా ఎంతమంది పోయారని కంపెనీ వాళ్ళు అడిగారు. పోయిన రికార్డులన్నీ అచ్చు తీసి, ఆ మనుషులను ఒక్కొక్కరినే షెడ్డులోంచి పిలిపించి, పక్కనున్న వాళ్ళను అడిగి సరిచూసుకున్నాం. ఒళ్ళు హూనమైంది. అందరి రికార్డులకూ భర్త పేరును కలిపితే ఒకరు ఇద్దరయ్యారు. తీసేస్తే ఇద్దరు ఒకరయ్యారు. రెండింటికీ పనికొచ్చే సూత్రం నాకు దొరకలేదు. మీకు దొరికితే నాకు చెప్పండి, సంతోషిస్తాను. దొరికిందని గట్టిగా అనేవాళ్ళను మాత్రం నేను నమ్మను. లాంగ్వేజ్ ఏదైనా సెట్ చేయడం తేలిక. ఎవరెవరు ఒకటో చెప్పడమే ఈ ఉద్యోగం. ఆ మాట చెప్పేముందు ఒకసారి మెట్లు దిగి వెళ్ళి, వాళ్ళను వాళ్ళ ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి రండి.

పెద్ద మరియమ్మ భర్త పేరు నాకు తర్వాతెప్పుడో తెలిసింది, అయినా ఆ గడిలో రాయలేదు. ఆ కంపెనీ పని చాలా ఏళ్ళు మా చేతిలోనే ఉంది. జావాలు మారాయి, ఫ్లాపీలు పోయాయి, ఆఫీసు వెల్డింగ్ షాపు మీది నుంచి మారింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఒకసారి పాత రికార్డులు శుభ్రం చేస్తూ నా దగ్గరికి వచ్చారు. "మేడం, ఇక్కడొక గడి ఖాళీగా ఉంది. ఏదో ఒకటి నింపేయమంటారా?"

ముట్టుకోకండి, అది పెద్ద మరియమ్మ అన్నాను.